ఫోన్ రాలేదు కాబట్టి లివర్ బాగుందనుకున్నారు: డాలస్ క్లినిక్ నుంచి ఒక కేసు

పేషెంట్ వయసు 50 దాటింది. మెక్సికోలోని గ్వానహువాతో రాష్ట్రం నుంచి చాలా ఏళ్ళ కిందట టెక్సస్ వచ్చారు. ఇళ్ళూ ఆఫీసులూ శుభ్రం చేసే పని. ఇన్సూరెన్స్ లేదు. తల్లికి షుగర్ వల్ల చూపు పోయింది, అన్నగారు డయాలసిస్ మీద ఉన్నారు. డాలస్ శివార్లలోని ఒక కమ్యూనిటీ క్లినిక్‌లో చూపించుకుంటారు. అదే క్లినిక్‌లో ఫ్యాటీ లివర్ (లివర్‌లో కొవ్వు పేరుకునే జబ్బు) మీద నడుస్తున్న ఒక పరిశోధనకి నేను కో-ఆర్డినేటర్‌ని. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

ఆ రోజు డాక్టరు ఆమెకి రాసినవి మూడు పరీక్షలు: మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, లివర్ ఎంజైములు. రక్తం ఇవ్వడానికి కూర్చునేలోపే మా స్టడీ గురించి చెప్పడం, ఆమె సరేననడం, స్పానిష్‌లో ఉన్న 14 పేజీల కన్సెంట్ ఫారం, అంటే సమ్మతి పత్రం మీద సంతకం చెయ్యడం అయిపోయాయి. కుర్చీ ఒకటే, చెయ్యి ఒకటే, సూదీ ఒకటే. ల్యాబ్ అమ్మాయి ట్యూబులు మార్చుకుంటూ పోయింది. డాక్టరు రాసిన వాటి మీద పేషెంట్ పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. స్టడీ వాటి మీద బార్‌కోడ్ మాత్రమే. పేరున్న ట్యూబుల్ని సాయంత్రం బయటి ల్యాబ్ కొరియర్ పట్టుకెళ్ళాడు. బార్‌కోడ్ ట్యూబుల్ని మేం సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ప్లాస్మా వేరు చేసి, చిన్న చిన్న వయల్స్‌లోకి సర్ది, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టాం. అక్కణ్ణించి అవి డ్రై ఐస్‌లో బయోబ్యాంక్‌కి, అంటే పరిశోధనల కోసం శాంపిళ్ళు దాచే చోటికి, వెళ్తాయి. ఇదంతా గోడకి అవతలి సంగతి. కుర్చీలో కూర్చున్న మనిషికి కనబడేది వరసగా నిండుతున్న ట్యూబులే.

క్లినిక్ రిపోర్టులు వచ్చాయి. షుగర్ ప్రీడయాబెటిస్ దశలో, అంటే షుగర్ జబ్బుకి ముందు దశలో ఉంది. ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైము కాస్త ఎక్కువుంది. నర్సు ఫోన్ చేసి చెప్పి, లివర్‌కి అల్ట్రాసౌండ్ చేయించుకోమంది. ఆమె చేయించుకోలేదు. కొన్ని నెలల తర్వాత బీపీ మందుల కోసం వచ్చినప్పుడు డాక్టరు అడిగితే, పెద్ద టెస్టు అయిపోయింది కదా, ఇంకా అల్ట్రాసౌండ్ ఎందుకు అన్నారట. డాక్టరు నన్ను పిలిచారు.

"సెన్యోరా, పెద్ద టెస్టంటే ఏది?" అని అడిగాను.

"మీరు తీసుకున్నదే కదా డాక్టోరా, లివర్‌కి. అన్ని ట్యూబులు తీశారు. ఏదైనా ఉంటే ఫోన్ చేసేవారు. చెయ్యలేదంటే బాగానే ఉన్నట్టే కదా."

నేను డాక్టర్ని కాదు. ఆ మాట మొదటి రోజే చెప్పాను, చాలాసార్లు చెబుతూనే ఉంటాను. కానీ అక్కడ తెల్లకోటు వేసుకుని, మెడలో బ్యాడ్జి ఉన్న ఆడవాళ్ళందరూ డాక్టోరాలే. ఇంకాసేపు మాట్లాడితే మరో సంగతి బయటపడింది. ఆమె తన మరదలికి కూడా సలహా ఇచ్చారు: ల్యాబుకి డబ్బు పొయ్యకు, ఆ స్టడీలో చేరు, అంతా వాళ్ళే చూస్తారు అని.

మా ఫ్రీజర్‌లోని ఆ శాంపిల్‌ని అప్పటికి ఎవరూ ముట్టుకోనే లేదు. ముట్టుకున్నా ఆమెకి చెప్పే ఫలితం ఏదీ రాదు. అమెరికాలో పేషెంటుకి రిపోర్టు ఇవ్వాలంటే, ఆ పరీక్ష చేసే ల్యాబుకి క్లియా చట్టం కింద సర్టిఫికెట్ ఉండాలి. పరిశోధన ల్యాబులు చాలావాటికి అది ఉండదు. పైగా అక్కడ చూసేది ఒక మనిషి లివర్‌ని కాదు, వేలమంది జన్యువుల్లో ఏది ఎక్కువగా కనబడుతోందన్నది. ఆ మౌనాన్ని ఆమె ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్కేసుకున్నారు. ఈ కేసులో జరిగిన హాని అదే. రక్తం ఇచ్చినందువల్ల ఏ నష్టమూ జరగలేదు. రావలసింది ఏమీ లేని చోట ఆమె జవాబు వచ్చిందనుకున్నారు, దానివల్ల అవసరమైన పరీక్ష నెలల తరబడి వాయిదా పడింది.

ఇలాంటి దానికి మా రంగంలో ఒక పేరుంది, థెరప్యూటిక్ మిస్‌కన్సెప్షన్. పరిశోధనని తన వైద్యమే అనుకోవడం అన్నమాట. 1982లో పాల్ యాపెల్‌బామ్, లోరెన్ రాత్, చార్లెస్ లిడ్జ్ మానసిక చికిత్స పరిశోధనల్లో ఉన్నవాళ్ళని గమనించి దీన్ని చెప్పారు. పనికొచ్చే ఆలోచనే, కాదనను. కాకపోతే అది తప్పుని పేషెంట్ బుర్రలో పెడుతుంది. పేషెంటుకి అర్థం కాలేదు, కాబట్టి ఫారం ఇంకా సులువుగా రాయండి, స్పానిష్ ఇంకా సరిచెయ్యండి అనే దారిలోకి మనల్ని తీసుకుపోతుంది. ఈమె విషయంలో ఆ దారి సరైంది కాదని నా అభిప్రాయం.

ఎందుకో చెబుతాను. మా ఫారంలో "ఈ పరిశోధన వల్ల మీకు నేరుగా ప్రయోజనం ఉండదు" అని ఉంది. కానీ ఆమెకి బీపీ ఉందని మొట్టమొదట తెలిసింది మా స్టడీ విజిట్‌లోనే. ఎత్తు, బరువు, నడుం కొలత, బీపీ చూడడం స్టడీలో భాగం. రీడింగ్ ఎక్కువ రావడంతో అదే రోజు డాక్టరు గదికి పంపాం, మందు మొదలైంది. ప్రయోజనం లేదన్న వాక్యాన్ని ఆమె చదివారు, ప్రయోజనం కళ్ళారా చూశారు. రెండిట్లో ఆమె దేన్ని నమ్మాలి?

ఫారంలోనే ఇంకో వాక్యం: చేరకపోయినా మీ మామూలు వైద్యం కొనసాగించుకోవచ్చు అని. మామూలు వైద్యం ఉన్నవాళ్ళకి అది చక్కటి మాట. దేశంలో ఇన్సూరెన్స్ లేనివాళ్ళ శాతం అన్నిటికన్నా ఎక్కువున్న రాష్ట్రం టెక్సస్. మెడికెయిడ్ అనే సర్కారు ఇన్సూరెన్స్‌ని తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్ళకి విస్తరించని రాష్ట్రాల్లో ఇదొకటి. ఇమిగ్రేషన్ కాగితాలు లేకుండా ఉంటున్నవాళ్ళు పూర్తి డబ్బు కడతామన్నా సర్కారు ఇన్సూరెన్స్ మార్కెట్‌లో పాలసీ కొనుక్కోలేరు. అలాంటి ఇంట్లో, ఒక మనిషి తీరిగ్గా కూర్చోబెట్టి, సొంత భాషలో పలకరించి, కుటుంబంలో ఎవరికి ఏ జబ్బుందో అడిగి, ఉచితంగా రక్తం తీసుకుంటే, దాన్ని చెకప్ అనుకోవడం తెలివితక్కువతనం కాదు. వాళ్ళకి దొరికే వాటిలో చెకప్‌కి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది అదే. నిజం చెప్పాలంటే, క్లినిక్ డాక్టరు ఒక్కో పేషెంటుకి ఇవ్వగలిగిన టైము కన్నా మేమే ఎక్కువ టైము ఇస్తాం.

మరి ఆమె రక్తం మాకెందుకు? ఫ్యాటీ లివర్ కథలో డాలస్‌కి ప్రత్యేక స్థానం ఉంది. 2008లో ఇక్కడి డాలస్ హార్ట్ స్టడీ శాంపిళ్ళ నుంచే పీఎన్‌పీఎల్‌ఏ3 అనే జన్యువులో ఒక మార్పు లివర్‌లో కొవ్వు పేరుకోవడానికి కారణమవుతోందని తేలింది. ఆ మార్పు హిస్పానిక్ (లాటిన్ అమెరికా మూలాల) ప్రజల్లో 49 శాతం జన్యు ప్రతుల్లో కనబడింది, యూరోపియన్ మూలాల వాళ్ళలో 23, ఆఫ్రికన్ అమెరికన్లలో 17 శాతం. 2014లో మెక్సికన్లు, లాటిన్ అమెరికన్ల శాంపిళ్ళలో ఎస్‌ఎల్‌సీ16ఏ11 అనే ఇంకో జన్యువుకీ టైప్ 2 షుగర్‌కీ లింకు దొరికింది. (ఆ మార్పు నియాండర్తాల్ మనుషుల నుంచి వచ్చిందట. ఈ ముక్క చెబితే వెయిటింగ్ రూంలో అందరూ నవ్వుతారు.) యూరోపియన్ల రక్తం మాత్రమే చూస్తే ఇవి ఇంత స్పష్టంగా కనబడేవి కావు. అయినా 2018 నాటికి జన్యు పరిశోధనల్లో పాల్గొన్నవాళ్ళలో 78 శాతం యూరోపియన్ మూలాల వాళ్ళే, హిస్పానిక్‌లు దాదాపు 1 శాతం. కాబట్టి ఆమెని చేర్చుకోకుండా వదిలేస్తే సరిపోతుందనే వాదన నాకు ఒప్పదు. వాళ్ళ జబ్బు గురించి వాళ్ళ రక్తం లేకుండానే నిర్ణయాలు జరిగిపోతాయి.

ఆమెతో మాట్లాడాక, సంతకం పెట్టినవాళ్ళని మళ్ళీ కూర్చోబెట్టి "మీ రక్తం ఇప్పుడెక్కడుంది, దానితో ఏం చేస్తారు, మీకేం వస్తుంది, మీ మాటల్లో చెప్పండి" అని అడగడం మొదలుపెట్టాం. పరీక్షలా కాకుండా, కాఫీ ఇచ్చి మాట్లాడాం. మాట్లాడింది నేను కాదు, మా ప్రొమొతోరా. ప్రొమొతోరా అంటే అదే పేటలో ఉంటూ ఆరోగ్య విషయాలు ఇంటింటికీ చేర్చే మనిషి, మన ఆశా కార్యకర్త లాంటివారు. నా స్పానిష్ పనికి సరిపోతుంది కానీ, ఎదుటి మనిషి నాతో ఆచితూచి మాట్లాడతారు. ఆవిడతో అయితే మొగుడి మీద కోపం కూడా చెప్పుకుంటారు.

టెక్సస్‌లోనే పుట్టి, కాలేజీకి వెళ్ళి, ఇంగ్లిష్ ఫారం చదివి సంతకం పెట్టిన ఒక కుర్రాడు కూడా ఆమె చెప్పిందే చెప్పాడు: "ఏదైనా సీరియస్ అయితే మీరు కాల్ చేస్తారుగా." మరోవైపు, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన, పెద్దగా చదువుకోని ఒక పెద్దావిడ తడుముకోకుండా చెప్పారు: "నా షుగర్ సంగతి డాక్టరు కాగితంలో ఉంటుంది. ఇది నా మనవల కోసం. నేను బతికుండగా ఏమీ తెలియదు." చదువు తక్కువ కాబట్టి అర్థం కాదు అనే లెక్క అక్కడే తప్పింది. ఆవిడకి తేడా తెలియడానికి కారణం, ఆవిడని స్టడీలో చేర్చుకున్నది క్లినిక్‌లో కాదు, చర్చి హాల్లో. అక్కడ సూది లేదు, డాక్టరు లేడు, బీపీ మిషన్ లేదు. మాట ఒకరోజు, రక్తం ఇంకోరోజు.

మూడో మనిషి ఇంకో రకం. ఇళ్ళకి పైకప్పులు వేసే పనిచేస్తారు. స్టడీ వద్దన్నారు, అది ఆయన ఇష్టం. కానీ దాంతోపాటు డాక్టరు రాసిన హెచ్‌బీఏ1సీ కూడా మానేసి వెళ్ళిపోయారు. రక్తం ఎక్కడో దాస్తారని విన్నాక ఏ ట్యూబు ఎటు పోతుందో ఆయనకి నమ్మకం పోయింది. లా మిగ్రాకి, అంటే ఇమిగ్రేషన్ వాళ్ళకి, డీఎన్‌ఏ వెళ్తుందేమోనని టెన్షన్. ఇది ఉత్త భయం అని కొట్టిపారేయలేం. ఇమిగ్రేషన్ నిర్బంధంలో ఉన్నవాళ్ళ డీఎన్‌ఏ సేకరించి ఎఫ్‌బీఐ డేటాబేస్‌కి పంపడం 2020 నుంచి బాగా పెరిగింది. మా స్టడీకి సర్టిఫికెట్ ఆఫ్ కాన్ఫిడెన్షియాలిటీ ఉంది, కోర్టు అడిగినా పేర్లు ఇవ్వనక్కర్లేని రక్షణ అది. ఎన్‌ఐహెచ్ (అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) డబ్బుతో నడిచే స్టడీలకి 2017 నుంచి తనంతట తానే వర్తిస్తుంది. ఆ మాట ఫారంలో చివరి పేజీల్లో ఉంది. ఆయన అక్కడిదాకా చదవలేదు.

ఒకరు పరిశోధనని వైద్యం అనుకుని వైద్యం వాయిదా వేశారు. ఇంకొకరు వైద్యాన్ని పరిశోధన అనుకుని వైద్యమే మానేశారు. రెండూ ఒకే కుర్చీలో జరిగాయి.

సెమినార్లలో ఈ విషయం వస్తే అందరూ చరిత్ర ఎత్తుతారు. 1946 నుంచి 48 దాకా గ్వాటెమాలాలో ఖైదీలకీ సైనికులకీ మానసిక రోగులకీ అమెరికా డాక్టర్లు సుఖరోగాలు అంటించిన ప్రయోగాలు 2010లో బయటపడ్డాయి, అధ్యక్షుడు ఒబామా క్షమాపణ చెప్పారు. లాస్ ఏంజెలెస్ కౌంటీ ఆసుపత్రిలో పురిటినొప్పులు పడుతున్న మెక్సికన్ మూలాల స్త్రీల చేత ఇంగ్లిష్ కాగితాల మీద సంతకాలు పెట్టించి, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేశారని 10 మంది కోర్టుకెళ్ళి, 1978లో ఓడిపోయారు. టెక్సస్‌లోనే, పుట్టిన పిల్లల మడమ నుంచి పరీక్షకి తీసిన రక్తపు చుక్కల్ని తల్లిదండ్రులకి చెప్పకుండా దాచి పరిశోధనకి వాడారని 2009లో కేసు పడింది. చివరికి 50 లక్షలకు పైగా శాంపిళ్ళు ధ్వంసం చెయ్యాల్సి వచ్చింది. ఇవన్నీ తెలుసుకోవలసినవే. కానీ మా క్లినిక్‌లో ఎవరి నోటా గ్వాటెమాలా మాట రాలేదు. వచ్చినవి రెండే: బిల్లు, లా మిగ్రా.

తెలుగువాళ్ళకి ఇలాంటిది కొత్తేం కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసిన ప్రాజెక్టు ఒక అధ్యయనం. చాలామంది తల్లిదండ్రులకి మాత్రం అది సర్కారు టీకాల కార్యక్రమంగానే కనబడింది. హాస్టల్ పిల్లలకి వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా వేసుకున్న పిల్లల్లో కొందరి మరణాలకి టీకా కారణం కాదని విచారణలో తేలినా, అక్కడా పరిశోధన వచ్చింది మామూలు ఆరోగ్య కార్యక్రమం వేషంలోనే.

మేం మార్చినవి చెబుతాను. ముందు రెండు సూదులు పెడదామనుకున్నాం, వైద్యానికి ఒకరోజు, స్టడీకి ఇంకోరోజు. ప్రొమొతోరా ఒప్పుకోలేదు. రోజు కూలీ పోగొట్టుకుని రెండోసారి ఎవరొస్తారు, పైగా రెండుసార్లు పొడిపించుకోవాలా అన్నారు. నిజమే. సూది ఒకటే ఉంచి, మాటని విడదీశాం. స్టడీ గురించి చెప్పేది క్లినిక్ గదిలో కాదు, కారిడార్ చివరున్న చిన్న గదిలో, తెల్లకోటు లేకుండా, వీలైతే రక్తం ఇచ్చే రోజుకి ముందే. ఇక కన్సెంట్ ఫారం తెరిచే ముందు ప్రొమొతోరా బల్ల మీద ఖాళీ ట్యూబులు పేరుస్తారు. కొన్నింటికి పేరున్న స్టిక్కర్, కొన్నింటికి బార్‌కోడ్. పేషెంట్ చేతికే ఇస్తారు. "మీ పేరున్నది తిరిగి మీ దగ్గరికి వస్తుంది. పేరు లేనిది తిరిగి రాదు. మీకు జబ్బున్నా రాదు, లేకపోయినా రాదు." 14 పేజీలు చెయ్యలేని పని ఆ రెండు ట్యూబులు చేస్తున్నాయి.

వెళ్ళేటప్పుడు రెండు కాగితాలు ఇస్తాం. ఒకటి క్లినిక్‌ది, ఏ పరీక్షలు చేశారు, ఏ తేదీకి ఎవరు ఫోన్ చేస్తారు, చెయ్యకపోతే ఏ నంబరుకి చెయ్యాలి అని. రెండోది స్టడీది. దాని మీద పెద్ద అక్షరాల్లో మూడు వాక్యాలు: మేం మీకు ఫలితం చెప్పం. మా నుంచి ఫోన్ రాకపోవడం మీరు బాగున్నారని అర్థం కాదు. డాక్టరు చెప్పిన పరీక్షలు మానకండి. ఈ కాగితానికి ఐఆర్‌బీ, అంటే నైతిక సమీక్షా సంఘం, అనుమతి తీసుకున్నాం. మనుషుల మీద చేసే పరిశోధనలకి అమెరికా ప్రభుత్వం పెట్టిన నియమావళి కామన్ రూల్. 2019లో అమల్లోకొచ్చిన దాని సవరణ ప్రకారం వైద్యపరంగా పనికొచ్చే ఫలితాలు చెబుతారో లేదో కన్సెంట్‌లో చెప్పాలి. మా ఫారంలో అది ముందునుంచీ ఉంది. 9వ పేజీలో.

"నేరుగా ప్రయోజనం ఉండదు" అన్న వాక్యాన్ని కూడా మార్చాం. బీపీ, బరువు చూస్తాం, ఎక్కువుంటే అదే రోజు డాక్టరుకి చెబుతాం, రక్తం నుంచి మాత్రం మీకేమీ తెలియదు అని ఉన్నదున్నట్టు రాశాం. దీనికి మా ప్రధాన పరిశోధకుడు కొంచెం ఇబ్బంది పడ్డారు, బీపీ ఎర చూపినట్టు అవుతుందని. ఆయన భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ కళ్ళముందు జరుగుతున్నదాన్ని కాగితం కాదంటుంటే, ఆ కాగితంలో మిగతా మాటల్ని కూడా ఎవరూ నమ్మరు.

చేరేవాళ్ళ సంఖ్య తగ్గింది. స్టడీకి డబ్బిచ్చే స్పాన్సర్‌తో నెలవారీ కాల్‌లో ఆ ప్రశ్న ప్రతిసారీ వచ్చింది. ఫలితం రాదని తెలిశాక వద్దన్నవాళ్ళు కొందరు ఉన్నారు, వాళ్ళని పోగొట్టుకున్నామని నేననుకోవడం లేదు. ఒప్పుకున్నవాళ్ళు తర్వాతి విజిట్లకి క్రమంగా వస్తున్నారు. పైకప్పుల పని చేసే ఆయన స్టడీలో చేరలేదు. చేతిలో ట్యూబు పెట్టి పేరు చూపించాక క్లినిక్ పరీక్షకి మాత్రం రక్తం ఇచ్చారు.

మొదటి పేషెంటుకి శాంపిల్ వెనక్కి తీసుకునే హక్కుందని మళ్ళీ చెప్పాను. వద్దంటే ఫ్రీజర్‌లో ఉన్నది పారేస్తాం, ఎవరికైనా పంపేసిన సమాచారాన్ని మాత్రం వెనక్కి రప్పించలేం. ఆమె కాసేపు ఆలోచించి, "ఉండనివ్వండి. మా అన్నలాంటి వాళ్ళకి ఎప్పుడో పనికొస్తుంది కదా" అన్నారు. తర్వాత సూటిగా అడిగారు: "అల్ట్రాసౌండ్‌కి ఎంత అవుతుంది?" క్లినిక్ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తుంది, ఆ మిగిలింది రెండు వాయిదాల్లో కట్టేలా ఆఫీసు వాళ్ళు చూశారు. లివర్‌లో కొవ్వు ఉంది. గట్టిపడలేదు. బరువు తగ్గడం మీద డాక్టరు ఆమెతో పనిచేస్తున్నారు. మరదలు కూడా వచ్చి క్లినిక్ పరీక్షలు చేయించుకున్నారు, స్టడీ మాత్రం వద్దన్నారు.

ఇంకా సరిచెయ్యాల్సిన చోట్లు ఉన్నాయి. మెడికల్ అసిస్టెంట్లు తరచుగా మారుతుంటారు. కొత్తగా వచ్చిన వాళ్ళు మా స్టడీని వెయిటింగ్ రూంలో "ఉచిత లివర్ టెస్టు" అనేస్తారు, మంచి మనసుతోనే. ఆ ఒక్క మాటకి నా ట్యూబులూ కాగితాలూ అన్నీ కొట్టుకుపోతాయి. అందుకని కొత్త స్టాఫ్ ట్రైనింగ్‌లో మొదటి రోజే ప్రొమొతోరాకి ఒక గంట ఇమ్మని క్లినిక్ మేనేజర్‌ని అడిగి తీసుకున్నాం.

రెండోది పెద్దది. గ్వాటెమాలా పశ్చిమ కొండల నుంచి వచ్చే కుటుంబాల్లో చాలామంది ఇంటి భాష మామ్. అక్కడి మూలవాసులైన మాయా ప్రజల భాషల్లో అదొకటి. రిజిస్టర్‌లో వాళ్ళందరూ లాటినోలే, ఫారం స్పానిష్‌లో ఇస్తారు, మర్యాద కోసం తలూపుతారు. చెప్పింది తిరిగి చెప్పమంటే కానీ అర్థం కాలేదని తెలియదు. వైద్యం ఫోన్ ఇంటర్‌ప్రిటర్‌తో నడుస్తోంది. స్టడీకి మాత్రం వాళ్ళ భాషలో రాసిన చిన్న ఫారం, మౌఖికంగా వివరించే మనిషి, సాక్షి కావాలి. అది సమకూరేదాకా వాళ్ళ దగ్గర బార్‌కోడ్ ట్యూబులు తీయడం ఆపేశాం. దానివల్ల ఆ జనం శాంపిళ్ళు బయోబ్యాంక్‌లో లేకుండా పోతున్నాయని తెలుసు. వచ్చే బడ్జెట్‌లో మామ్ ఇంటర్‌ప్రిటర్ ఖర్చు చేర్చమని స్పాన్సర్‌ని అడిగాం.